పనిలో పొరపాట్లు: లక్షణం చూసి కారణం పట్టుకోవడం, సరిచేయడం

పొరపాటు జరిగిన మర్నాడు రిజిస్టర్‌లో ఎక్కువగా కనిపించే వాక్యం ఇది: "సిబ్బంది అజాగ్రత్త. ఇకపై జాగ్రత్తగా ఉండాలని హెచ్చరించాం." ఇలా రాసి ఫైలు మూసేస్తే అదే పొరపాటు కొన్నాళ్లకు ఇంకొకరి చేతిలో మళ్లీ జరుగుతుంది. మనిషి జాగ్రత్త రోజంతా ఒకే మట్టంలో ఉండదు. నిద్ర, ఆకలి, తొందర, చుట్టూ గోల దాన్ని పెంచుతూ దించుతూ ఉంటాయి. ఆ సమయంలో తప్పు చేయడాన్ని తేలిక చేసిన పరిస్థితి ఏమిటో వెతికి, దాన్ని మార్చాలి.

ముందు రకం తేల్చుకోండి

మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ రీజన్ చేసిన విభజన ఇక్కడ బాగా పనికొస్తుంది. చేయాల్సింది తెలుసు, కానీ చెయ్యి పక్క స్విచ్ మీద పడింది: అది చేజారడం. చేయాల్సింది తెలుసు, మధ్యలో ఒక మెట్టు వదిలేశారు: మరుపు. అనుకున్నట్టే చేశారు, కానీ అనుకున్నదే తప్పు: తప్పుడు నిర్ణయం. నియమం తెలిసే దాటారు: ఉల్లంఘన.

శిక్షణ ప్రధానంగా మూడోదానికి మందు. ఇరవై ఏళ్లుగా వాల్వులు బిగిస్తున్న మనిషి ఒకరోజు వాషర్ మరిచిపోతే, ఆయన్ని మళ్లీ క్లాసులో కూర్చోబెట్టడం వల్ల ఒరిగేదేమీ లేదు. అదే అనుభవం ఉన్న ఇంకొకరిని అదే వేళకు, అదే వెలుతురులో, అదే తొందరలో నిలబెడితే ఇదే తప్పు జరిగేదా అని అడగండి. జరిగేదే అనిపిస్తే ఆ మనిషిని వదిలి పరిస్థితిని చూడండి.

లక్షణం: బాగా తెలిసిన పనిలో ఒక మెట్టు వదిలేశారు

చాలాసార్లు కారణం అంతరాయమే. ఫోన్ మోగింది, ఎవరో పిలిచారు, తిరిగొచ్చి "ఇక్కడిదాకా చేశాను" అనుకున్న చోట మొదలుపెట్టారు. మనసు ఎప్పుడూ ఒకడుగు ముందు ఉంటుంది కాబట్టి చేయబోయిన పని చేసేసినట్టు గుర్తుంటుంది. అసలు పని అయిపోయాక మిగిలే చిన్న పనులకు ఈ ప్రమాదం మరీ ఎక్కువ: మూత పెట్టడం, పనిముట్టు బయటికి తీయడం, బైపాస్ (తాత్కాలికంగా తెరిచిన పక్కదారి) మూసేయడం. యంత్రం నడుస్తోంది కదా, మనసులో పని అప్పటికే ముగిసిపోయింది.

ఆపాల్సి వస్తే చేస్తున్న మెట్టు పూర్తిచేయండి, లేదా దాన్ని పూర్తిగా విప్పేయండి. సగం బిగించిన నట్టును అలాగే వదలకండి. వదలక తప్పకపోతే దానికే ఎర్ర ట్యాగు కట్టి వెళ్లండి. తిరిగొచ్చాక ఆపిన చోటు నుంచి కాకుండా మూడు మెట్లు వెనక్కి వెళ్లి మొదలుపెట్టండి. టార్క్ రెంచితో (ఎంత బలంతో బిగించాలో అంతే బిగించే పానా) బిగించిన ప్రతి బోల్టు మీదా వెంటనే పెయింట్ గీత గీస్తే ఏది అయింది, ఏది కాలేదు అన్నది జ్ఞాపకం మీద ఆధారపడదు. కీలకమైన పనుల్లో పలకరింపులు పూర్తిగా ఆపండి. అమెరికా విమానయాన నియమాల్లో 1981 నుంచి 10,000 అడుగుల లోపు కాక్‌పిట్‌లో ప్రయాణానికి సంబంధం లేని మాటలు నిషేధం. మందులు కలిపే బల్ల దగ్గరా, కంట్రోల్ ప్యానెల్ దగ్గరా అదే పద్ధతి పనిచేస్తుంది.

లక్షణం: తప్పు భాగం బిగించారు, ఎవరికీ తేడా తెలియలేదు

1990 జూన్ 10న బ్రిటన్‌లో ఒక విమానం గాల్లో ఉండగా కెప్టెన్ ముందున్న అద్దం ఊడిపోయింది. ఆయన నడుము దాకా బయటికి లాగబడ్డారు. సిబ్బంది కాళ్లు పట్టుకుని ఉండటంతో బతికారు. అంతకు 27 గంటల ముందు, రాత్రి షిఫ్టులో ఆ అద్దానికి బిగించిన 90 బోల్టుల్లో 84 సన్నవి. తేడా 0.026 అంగుళం, అంటే మిల్లీమీటరులో మూడింట రెండు వంతులు. మిగతా ఆరు పొట్టివి.

అద్దం మార్చిన మేనేజర్ అజాగ్రత్త మనిషి కాదు. విప్పిన పాత బోల్టును పట్టుకెళ్లి, అలాంటిదే స్టోర్స్‌లో కంటితో పోల్చి తీసుకున్నారు. వేళ తెల్లవారుజాము. బోల్టుల అరలున్న చోట వెలుతురు తక్కువ. పని చేసేటప్పుడు ఒంగి చేయి చాచాల్సిన భంగిమ, దాంతో బోల్టు తల దాని గుంటలో సరిగా కూర్చోకపోవడం కనపడలేదు. అద్దం పనికి రెండో మనిషి తనిఖీ తప్పనిసరి కాదు. వీటిలో ఏ ఒక్కటి వేరుగా ఉన్నా ఆ పొరపాటు దొరికిపోయేదే.

అందుకే పాత భాగాన్ని నమూనాగా వాడకండి, పాతదే తప్పు కావచ్చు. భాగం నంబరు మాన్యువల్‌లో చూసి, అర మీది లేబుల్‌తో అక్షరం అక్షరం పైకి చదివి సరిపోల్చండి. చూపుకు ఒకేలా ఉండే సైజులను పక్కపక్క అరల్లో పెట్టకండి. అరల దగ్గర వెలుతురు పెంచడం ఈ జాబితాలో అన్నిటికంటే చవకైన పని. చాలా చోట్ల అదే జరగదు.

లక్షణం: షిఫ్టు మారిన గంటలోపే గొడవ

1988 జూలై 6న ఉత్తర సముద్రంలో పైపర్ ఆల్ఫా చమురు వేదిక పేలి 167 మంది చనిపోయారు. పగటి షిఫ్టులో ఒక పంపు నుంచి సేఫ్టీ వాల్వు తీసి ఆ చోట మూత పెట్టారు. పంపు పనికి ఒక పర్మిట్ (పని చేయడానికి రాతపూర్వక అనుమతి), వాల్వు పనికి ఇంకొకటి. రాత్రి రెండో పంపు ఆగిపోగానే, పంపు పర్మిట్ మాత్రమే తెలిసిన సిబ్బంది మొదటి పంపును నడిపారు. ఆ మూత దగ్గర గ్యాస్ బయటపడింది.

సమాచారం కాగితం మీద ఉంది, కానీ అవసరమైన మనిషి కంటికి ఆనలేదు. దీనికి చేయాల్సినవి:

- రెండు షిఫ్టులూ కనీసం 15 నిమిషాలు కలిసి ఉండేలా వేళలు పెట్టండి. అప్పగింత బల్ల దగ్గర కాకుండా యంత్రం దగ్గర జరగాలి.
- సగంలో ఉన్న పనులు, తీసేసినవి లేదా బైపాస్ చేసినవి, మామూలుకు భిన్నంగా నడుస్తున్నవి: ఈ మూడూ రాసి, చూపించి చెప్పండి. విన్నవారు తమ మాటల్లో తిరిగి చెప్పాలి. "సరే, అర్థమైంది" చాలదు.
- ఒకే యంత్రానికి సంబంధించిన పర్మిట్లన్నీ ఒకేచోట ఉంచండి. నడపకూడని యంత్రం స్విచ్‌కు నిజమైన తాళం వేయండి. కాగితం చూడకపోయినా తాళం ఆపుతుంది.

లక్షణం: తప్పులన్నీ ఒకే వేళలో

నెల రోజుల తప్పులను గంటలవారీగా గీసి చూడండి. రాత్రి 2 నుంచి 6 మధ్య గుట్టపడితే కారణం అలసట. 17 గంటలు మేలుకుని ఉన్న మనిషి పనితీరు రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవారి స్థాయికి, 24 గంటలైతే 0.10 శాతం స్థాయికి పడిపోతుందని 1997లో నేచర్ పత్రికలో వచ్చిన అధ్యయనం చూపింది. పైగా అలసిన మనిషికి తన అలసట అంతగా తెలియదు. అందుకే "నిద్రొస్తే చెప్పండి" అన్న బోర్డు ఒక్కదానితో పని జరగదు.

కీలకమైన పనిని ఆ వేళ నుంచి జరపండి. షిఫ్టుకూ షిఫ్టుకూ మధ్య కనీసం 11 గంటలు ఉంచండి. షిఫ్టులు ఉదయం, మధ్యాహ్నం, రాత్రి వరుసలో తిరగాలి, వెనక్కి కాదు. కునుకు 20 నిమిషాలు చాలు, కానీ లేచిన వెంటనే కాసేపు మత్తు ఉంటుంది కాబట్టి పావుగంట దాకా కీలక పని ఇవ్వకండి. కాఫీ పూర్తిగా పనిచేయడానికి దాదాపు అరగంట పడుతుంది.

లక్షణం: తనిఖీ సంతకం ఉంది, తనిఖీ జరగలేదు

రెండో మనిషి "ఆయన చూసే ఉంటాడు" అనుకుంటాడు, మొదటివాడు "ఎలాగూ ఇంకొకరు చూస్తారు" అనుకుంటాడు. 1983 మేలో మయామి నుంచి బయల్దేరిన ఒక విమానంలో మూడు ఇంజిన్లకూ ఆయిల్ కారిపోయింది. మూడింట్లోనూ ఒకే చోట ఓ-రింగులు (ఆయిల్ కారకుండా ఆపే గుండ్రటి సీళ్లు) లేవు, కాగితంలో ఆ పని కింద సంతకాలున్నాయి. ఆ భాగాలు మామూలుగా రింగు తొడిగే వచ్చేవి, ఆ రాత్రి రాలేదు.

రెండో తనిఖీ చేసేవారు మొదటి ఫలితం చూడకుండా స్వయంగా కొలిచి, తర్వాతే పోల్చాలి. ఒకదానికొకటి అండగా ఉన్న రెండు యంత్రాల మీద ఒకే రోజు ఒకే చేతులు పనిచేయకూడదు. రీడింగును వేలితో చూపిస్తూ పైకి చెప్పే పద్ధతి జపాన్ రైల్వేల్లో ఉంది. అక్కడి రైల్వే సాంకేతిక పరిశోధన సంస్థ 1994లో పరీక్షిస్తే 100 పనులకు 2.38 ఉన్న తప్పులు 0.38కి దిగాయి. మొదటి వారం సిగ్గుగా అనిపిస్తుంది. సూపర్‌వైజర్ ముందు తాను చేస్తే మిగతావారూ చేస్తారు.

లక్షణం: అనుమానం వచ్చినా ఎవరూ గట్టిగా అనలేదు

1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన టెనెరిఫే ద్వీపంలో రెండు విమానాలు రన్‌వే మీద ఢీకొని 583 మంది పోయారు. ముందున్న విమానం ఇంకా రన్‌వే దాటలేదేమో అని, టేకాఫ్ మొదలుపెట్టిన విమానంలోని ఫ్లైట్ ఇంజనీరు అడిగారు. కెప్టెన్ దాటిందని గట్టిగా అనేసరికి ఊరుకున్నారు. చిన్న ఉద్యోగికి ధైర్యం నూరిపోయడం కంటే మాటలు ముందే అందించడం మేలు: "నాకు అనుమానంగా ఉంది", వినకపోతే "ఇలా చేస్తే ఫలానాది జరుగుతుంది", అప్పటికీ వినకపోతే "ఆపండి సార్". మూడో మాట ఎవరు అన్నా పని ఆగాలి, అనుమానం తప్పని తేలినా అన్నవారిని మందలించకూడదు.

లక్షణం: అందరూ నియమం దాటుతున్నారు

ఒకరు దాటితే ఆ మనిషితో మాట్లాడండి. అందరూ దాటుతుంటే నియమాన్ని చూడండి. సరైన స్పానర్ అవతలి షెడ్డులో ఉంటే, పది నిమిషాల పనికి ఇరవై నిమిషాలు నడవాల్సి వస్తే, చేతికందిన దానితో కానిచ్చేస్తారు. స్పానర్‌ను ఇవతలి షెడ్డుకు తెచ్చి పెట్టండి.

మార్పు పనిచేసిందో లేదో తెలియాలంటే ప్రమాదాలు లెక్కపెడితే చాలదు, త్రుటిలో తప్పినవి కూడా లెక్కపెట్టాలి. మొదటి రెండు మూడు నెలలు ఆ ఫిర్యాదులు పెరుగుతాయి. అంటే జనం చెప్పడం మొదలుపెట్టారన్నమాట. ఉన్నట్టుండి సున్నాకు పడిపోతే సంతోషించే ముందు, చివరిసారి ఫిర్యాదు చేసినవారికి ఏం జరిగిందో కనుక్కోండి.