పాత మెటాడోర్ లోపల మళ్లీ మనిషి పడుకునేలా చేసుకున్నా

మా బాబాయి ఎప్పుడో మంచం, స్టవ్వు గట్టూ పెట్టించుకున్న మెటాడోర్ వ్యాను అమలాపురం దగ్గర కొబ్బరితోటలో ఆరేళ్లు పడుంది, తలుపు తీస్తే ముక్కిన వాసన, గోడ ప్లైవుడ్ బొటనవేలితో నొక్కితే నానిన అటుకుల్లా ఊడొచ్చేసింది. వడ్రంగేమో కొత్త ప్లై కొట్టేద్దాం అన్నాడు గానీ నేను ఆగమన్నా, నీళ్లెక్కణ్ణుంచో తేలకుండా కొడితే డబ్బులు కాలవలో పోసినట్టే కదా. తమ్ముడు పైనుంచి బకెట్లు పోస్తుంటే లోపల టార్చి వేసి చూశా. అందరం కిటికీ రబ్బరే అనుకున్నాం, తీరా చుక్క పైకప్పు మీది సామాన్ల క్యారియర్ బోల్టు పక్కన దిగి, రేకు లోపలివైపు మూరెడు పాకి కిటికీ మీద పడుతోంది! ఎవరో పూసిన పాత సిలికాన్ అంతా గీకేసి, తుప్పు రుద్ది, రెడ్ ఆక్సైడ్ కొట్టి, నీళ్లు దిగకుండా సందులు మూసే పాలీయురెథేన్ సీలెంట్ పెట్టా, ఎందుకంటే సిలికాన్ మీద పెయింట్ పట్టదు. ప్లై మాత్రం ఐఎస్ 710 ముద్ర, అంటే నీళ్లకి తట్టుకునే మెరైన్ ప్లైవుడ్ గుర్తు, చూసే కొన్నా, రేటు ఎక్కువే. కోసిన అంచులకి రెండు పూతలు వార్నిష్, తేమ తాగేది అక్కణ్ణుంచే. రేకుకీ ప్లైకీ మధ్య గాలాడేలా అరంగుళం బద్దలు వేయించా.

మొన్న రాత్రంతా వాన, బాబాయి అందులోనే పడుకున్నాడు. పొద్దున్నే లేచి "ఒరేయ్, ఫ్యానేదిరా?" అన్నాడు.