టెర్మినల్‌లో డాక్యుమెంట్ దొరకడం లేదా? దొరికినా తెరుచుకోవడం లేదా?

ఫైల్ ఉందని మీకు తెలుసు. నిన్ననే సేవ్ చేశారు. టెర్మినల్‌లో వెతికితే మాత్రం ఒక్క వరుస కూడా రాదు. ఇలాంటప్పుడు ఫైల్ పోయిందని కంగారు పడవద్దు. చాలాసార్లు మనం మనసులో ఒకటి అనుకుని, కమాండ్‌ను మరొకటి అడిగి ఉంటాం. అడిగినదాన్ని అది అక్షరాలా వెతికి, లేదని ఊరుకుంటుంది. అందుకే ముందుగా మనం ఏమి అడిగామో మళ్లీ చదువుకోవాలి.

కమాండ్ల పేర్లను ఇక్కడ తెలుగు లిపిలో రాశాను. టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాలు వాడండి, పెద్ద అక్షరం కావలసిన చోట విడిగా చెబుతాను. ఉదాహరణలు ప్రధానంగా లినక్స్‌వి.

సమస్య: ఫైండ్ ఏమీ చూపకుండా ముగిసింది

పేరును బట్టి ఫైళ్లను వెతికే ఫైండ్ కమాండ్‌లో -నేమ్ అనే ఆప్షన్ పూర్తి పేరునే పోలుస్తుంది. పేరులో ఒక ముక్క ఇస్తే సరిపోదు. పైగా పెద్ద అక్షరాన్ని, చిన్న అక్షరాన్ని వేర్వేరుగా చూస్తుంది. దాని బదులు -ఐనేమ్ వాడి, మాటకు రెండు వైపులా నక్షత్రం గుర్తు పెట్టండి:

ఫైండ్ ~ -టైప్ ఎఫ్ -ఐనేమ్ '*రిపోర్ట్*'

~ అంటే మీ హోమ్ ఫోల్డర్, -టైప్ ఎఫ్ అంటే ఫైళ్లు మాత్రమే. మాట చుట్టూ ఉన్న కోట్ గుర్తులను వదిలేయవద్దు. అవి లేకపోతే నక్షత్రాన్ని ఫైండ్ కంటే ముందు షెల్ (మీరు టైప్ చేసినదాన్ని చదివి కమాండ్లను నడిపే ప్రోగ్రాం) అందుకుంటుంది. మీరున్న ఫోల్డర్‌లో ఆ నమూనాకు సరిపోయే ఫైళ్లు రెండో మూడో ఉంటే, నమూనా స్థానంలో ఆ పేర్లన్నీ వచ్చి ఫైండ్ తప్పు చూపుతుంది. అది మేలు, కనీసం తెలుస్తుంది. సరిగ్గా ఒకే ఫైల్ ఉంటేనే చిక్కు. అప్పుడు ఫైండ్ ఆ ఒక్క పేరును మాత్రమే అన్ని ఫోల్డర్లలో వెతుకుతుంది, తప్పు జరిగినట్టు ఎక్కడా చెప్పదు. ఒక మధ్యాహ్నమంతా ఇలా పోగొట్టుకున్నాక, కోట్ గుర్తులు లేకుండా నక్షత్రం టైప్ చేయడం మానేశాను.

డాక్యుమెంట్లు ఉన్న ఫోల్డర్ నిజానికి వేరే డిస్కుకు వేసిన సింబాలిక్ లింక్ (అసలు చోటును చూపే గుర్తు లాంటిది) అయితే ఫైండ్ దాని లోపలికి వెళ్లదు. దారి కంటే ముందు -ఎల్ (పెద్ద అక్షరం) ఇవ్వండి. అనుమతి లేని ఫోల్డర్ల గురించి వచ్చే సందేశాలలో అసలు ఫలితం మునిగిపోతుంటే, చివర 2>/డెవ్/నల్ చేర్చితే తెర శుభ్రపడుతుంది.

సమస్య: లొకేట్‌కు కొత్త ఫైల్ కనిపించడం లేదు

లొకేట్ కూడా ఫైళ్లను పేరుతో వెతికే కమాండే, కానీ అది డిస్కును వెతకదు. ముందుగా తయారుచేసి పెట్టుకున్న జాబితాను చదువుతుంది, అందుకే అంత వేగం. సాధారణంగా ఆ జాబితా రోజుకు ఒకసారి మారుతుంది. సుడో అప్‌డేట్‌డీబీ (నిర్వాహకుడి హక్కుతో ఆ జాబితాను తిరిగి తయారుచేసే కమాండ్) నడిపితే వెంటనే తాజా అవుతుంది. తొలగించిన ఫైళ్లు ఇంకా కనిపిస్తుంటే లొకేట్‌కు -ఈ ఇవ్వండి.

సమస్య: తెలుగు పేరున్న ఫైల్ జాబితాలో కనిపిస్తుంది, అదే పేరు టైప్ చేస్తే లేదంటుంది

దీని గురించి రాసేవారు తక్కువ, ఇబ్బంది పడేవారు ఎక్కువ. కంటికి ఒకేలా కనిపించే రెండు తెలుగు పేర్లు కంప్యూటర్‌కు వేరువేరు కావచ్చు. ముఖ్యమైన కారణాలు రెండు.

మొదటిది, పొల్లు తరువాత దాగి ఉండే శూన్య వెడల్పు అక్షరం. 'రిపోర్ట్' అని టైప్ చేసినప్పుడు కొన్ని కీబోర్డులు చివరి పొల్లు తరువాత యూనికోడ్ 200సీ అక్షరాన్ని తామే చేరుస్తాయి. మాట మధ్యలో ఉంటే వత్తు పడకుండా ఆపుతుంది కాబట్టి దాని పని కంటికి తెలుస్తుంది. మాట చివర, చుక్కకు ముందు ఉంటే ఎంత చూసినా కనిపించదు.

రెండవది ఐత్వం. 'కై'లోని ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే గుర్తుగా (0సీ48) రాయవచ్చు, లేదా ఎత్వం, ఐత్వపు దీర్ఘచిహ్నం అనే రెండు గుర్తులుగా (0సీ46, 0సీ56) రాయవచ్చు. మ్యాక్‌లోని పాత హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ ఫైల్ వ్యవస్థ పేర్లను విడదీసిన రూపంలోనే దాచేది. అలాంటి డిస్కు నుంచి లినక్స్‌కు కాపీ అయిన ఫైల్‌ను మీ కీబోర్డుతో పిలిస్తే పలకదు.

నిర్ధారించుకోవాలంటే ఫైళ్ల పేర్లు చూపే ఎల్‌ఎస్ ఫలితాన్ని పైప్ (| గుర్తు) ద్వారా, బైట్లను చూపే ఓడీ -టీఎక్స్1కు పంపండి. బైట్లలో ఈ2 80 8సీ కనిపిస్తే దాగిన అక్షరం ఉన్నట్టే. ఆ క్షణానికి పని జరగాలంటే అనుమానం ఉన్న చోట నక్షత్రం పెట్టి వెతకండి. ఐత్వాన్ని శాశ్వతంగా సరిచేయడానికి, ఫైళ్ల పేర్లను మార్చే కాన్‌వ్‌ఎంవీ అనే కమాండ్ ఉంది. దానికి -ఎఫ్ యూటీఎఫ్8 -టీ యూటీఎఫ్8 --ఎన్‌ఎఫ్‌సీ ఇస్తే ఏ పేర్లు మారతాయో చూపి ఆగుతుంది. జాబితా చదివి, సరే అనిపించాకే --నోటెస్ట్ చేర్చండి.

సమస్య: మాట డాక్యుమెంట్‌లో ఉంది, గ్రెప్ మాత్రం లేదంటుంది

వర్డ్ దాచే డాక్స్ ఫైల్ ఒక జిప్ పొట్లం, లోపల ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లు (ట్యాగులనే గుర్తుల మధ్య పాఠ్యం ఉండేవి) ఉంటాయి. పీడీఎఫ్‌లో కూడా అక్షరాలు సాధారణంగా కుదించి ఉంటాయి. ఫైల్ లోపలి పాఠ్యంలో మాటను వెతికే గ్రెప్ వాటిని బైట్లుగా చూస్తుంది కనుక మాట తగలదు. డాక్స్‌ను అన్‌జిప్ చేసి లోపలి ఎక్స్‌ఎంఎల్‌లో వెతకవచ్చని కొందరు సలహా ఇస్తారు. నేను ఇవ్వను. మధ్యలో ఒక్క అక్షరం బొద్దుగా మారినా ఆ మాట రెండు ట్యాగుల మధ్య విడిపోతుంది, గ్రెప్ మళ్లీ దాటిపోతుంది. పాన్‌డాక్ (డాక్యుమెంట్ రూపాలు మార్చే సాధనం) -టీ ప్లెయిన్‌తో సాదా పాఠ్యంగా మార్చి, దానిలో వెతకడం నమ్మదగిన పద్ధతి.

పీడీఎఫ్‌లకు పీడీఎఫ్‌గ్రెప్ -ఆర్‌ఐ అని, మాట, ఫోల్డర్ పేరు ఇస్తే చాలు. పీడీఎఫ్‌ను పాఠ్యంగా మార్చే పీడీఎఫ్‌టుటెక్స్ట్ వాడి తెర మీద ఏమీ రాలేదంటే, అది ఫలితాన్ని పక్కనే టీఎక్స్‌టీ ఫైల్‌గా రాసి ఉంటుంది. తెర మీదే చూడాలంటే ఫైల్ పేరు తరువాత ఒక హైఫన్ పెట్టాలి.

అయినా ఫలితం ఖాళీగా ఉంటే పీడీఎఫ్‌లోని ఫాంట్లను చూపే పీడీఎఫ్‌ఫాంట్స్ నడపండి. ఫాంట్ల జాబితాలో ఒక్కటీ లేకపోతే అది స్కాన్ చేసిన బొమ్మ. ఫాంట్లు ఉండి, యూఎన్‌ఐ నిలువు వరుసలో 'నో' అని ఉండి, పాఠ్యం అర్థంలేని ఇంగ్లీషు గుర్తులుగా వస్తుంటే అది యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్‌తో చేసినది కావచ్చు. రెండింటికీ, బొమ్మలోని అక్షరాలను గుర్తించి పాఠ్యంగా చేర్చే ఓసీఆర్‌మైపీడీఎఫ్ -ఎల్ టెల్ సహాయపడుతుంది. దానికి టెసరాక్ట్ (అక్షరాలను గుర్తించే ప్రోగ్రాం) తెలుగు భాషా ప్యాకేజీ ముందే ఉండాలి. రెండో రకానికి --ఫోర్స్-ఓసీఆర్ కూడా ఇవ్వాలి, లేకపోతే పేజీలో పాఠ్యం ఇప్పటికే ఉందని ఆగిపోతుంది.

సమస్య: దొరికింది, తెరుచుకోవడం లేదు

పేరులో ఖాళీ ఉంటే షెల్ దాన్ని రెండు ఫైళ్లుగా చదువుతుంది. కోట్ గుర్తులు పెట్టండి, లేదా మొదటి అక్షరాలు టైప్ చేసి ట్యాబ్ నొక్కండి. ఫైండ్ ఫలితాన్ని ఎక్స్‌ఆర్గ్స్‌కు (వచ్చిన పేర్లను మరో కమాండ్‌కు అందించేది) పంపుతున్నట్టయితే అటు -ప్రింట్0, ఇటు -0 జంటగా ఉండాలి. పేరు హైఫన్‌తో మొదలైతే దానికి ముందు ./ చేర్చండి.

తెరవడానికి లినక్స్ డెస్క్‌టాప్‌లో ఎక్స్‌డీజీ-ఓపెన్, మ్యాక్‌లో ఓపెన్, విండోస్‌లో స్టార్ట్ ఉన్నాయి. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో స్టార్ట్ తరువాత కోట్ గుర్తులతో పేరు ఇస్తే, దాన్ని కిటికీ శీర్షిక అనుకుని కొత్త నల్లటి కిటికీ తెరుస్తుంది. ముందు ఒక ఖాళీ కోట్ జంట "" పెట్టి, ఆ తరువాత ఫైల్ పేరు ఇవ్వాలి.

ఎక్స్‌డీజీ-ఓపెన్ విఫలమైతే వెంటనే ఎకో $? టైప్ చేసి, ఆ కమాండ్ ముగింపు సంఖ్యను చూడండి. 2 వస్తే ఫైల్ లేదు, 3 వస్తే అవసరమైన సాధనం లేదు, 4 వస్తే తెరిచే పని విఫలమైంది. ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా దూరపు సర్వర్‌లో ఉన్నప్పుడు సాధారణంగా కిటికీ చూపడానికి తెరే ఉండదు. ఫైల్‌ను ఎస్‌సీపీతో మీ కంప్యూటర్‌కు తెచ్చుకుని తెరవండి.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా పీడీఎఫ్ పాడైందని ప్రోగ్రాం మొండికేస్తే, ఫైల్ రకాన్ని చెప్పే ఫైల్ అనే కమాండ్‌కు ఆ పేరు ఇవ్వండి. జవాబులో హెచ్‌టీఎంఎల్ (వెబ్ పేజీల రూపం) అని వస్తే, మీ దగ్గర ఉన్నది పీడీఎఫ్ పేరు పెట్టుకున్న లాగిన్ పేజీయో దారి మళ్లింపు పేజీయో. వెబ్ నుంచి ఫైళ్లు దించే కర్ల్ కమాండ్‌తో దించినట్టయితే ఈసారి -ఎల్ (పెద్ద అక్షరం) చేర్చి మళ్లీ దించండి. లాగిన్ అడిగే చోటు అయితే బ్రౌజర్‌లోనే దించుకోవాలి.