తపఃకాలం ఇంటి పాఠాలు – 3: పాపసంకీర్తనానికి ముందు మూడు రాత్రులు

పోయిన పాఠంలో తపఃకాలం, అంటే పాస్కా (ఈస్టర్) ముందు కతోలికులం పాటించే ఉపవాస కాలం, దాని ఉపవాసం లెక్క చూశాం కదా, అందులో ఒక ముక్క మిగిలిపోయింది. అది తేల్చేసి ఈ వారం పనిలోకి వెళ్దాం. బల్లార్షా, చంద్రపూర్ వైపు ఉండే మన తెలుగు ఇళ్ళలో ఏటా వచ్చే గొడవే ఇది. ఇక్కడి గుడిలో (చర్చిలో) తపఃకాలం మొదటి రోజు నొసట బూడిద సోమవారం పెడతారు, ఖమ్మంలో ఉన్న మా పిన్నేమో బుధవారం పెట్టించుకుని ఫోటో పంపుతుంది, ఇంతకీ ఎవరిది రైటు అని మా పిల్లలు నన్ను పట్టుకుంటారు. ఇద్దరిదీ రైటే. 1962లో ఈ చాందా (చంద్రపూర్ పాత పేరు) ప్రాంతాన్ని కేరళకు చెందిన సీరో మలబార్ కతోలిక సభకు అప్పగించారు, ఆ రీతిలో (ఆరాధన పద్ధతిలో) తపఃకాలం సోమవారమే మొదలవుతుంది. ఖమ్మం, గుంటూరు పీఠాలు (ఒక్కో బిషప్ గారి కింద ఉండే ప్రాంతాలు) లాటిన్ రీతివి, అంటే రోమ్ పద్ధతివి, వాళ్ళకు విభూది బుధవారం. 2026లో ఇక్కడ ఫిబ్రవరి 16, అక్కడ 18, పాస్కా మాత్రం ఇద్దరికీ ఏప్రిల్ 5. మేము పుట్టుకతో లాటిన్ రీతి వాళ్ళం, వెళ్ళేది ఇక్కడి గుడికి, అందుకని మా ఇంట్లో రెండు రోజులూ ఉపవాసమే. మధ్యలో మంగళవారం మా బాపు కడుపునిండా తినేవాడు, అది వేరే సంగతి.

ఇక ఈ వారం పాపసంకీర్తనం, అంటే ఫాదర్ గారి దగ్గర పాపాలు ఒప్పుకోవడం. పవిత్ర వారం (పాస్కా ముందు వారం) దాకా ఆగుదామనుకునే వాళ్ళకు ముందే ఒక మాట: ఆ వారంలో గుడి ముందు లైను ఎంత పొడుగుంటుందో మీకు తెలుసు, ఫాదర్ గారు అప్పటికే చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగి అలిసిపోయి ఉంటారు, మీ వెనక ఇరవై మంది నిలబడి దగ్గుతుంటారు, అప్పుడు మీరు చెప్పేది తొందర తొందరగా ముగిసిపోతుంది. తపఃకాలం మధ్యలో, మామూలు రోజున, ముందుగా ఫోన్ చేసి వెళ్ళండి. షిఫ్టు డ్యూటీలో ఉన్నవాళ్ళు ఆ సంగతి చెబితే ఏదో ఒక వేళ ఇస్తారు, నాకు ఇంతవరకు కాదన్నవాళ్ళు తగల్లేదు.

ఎలా చెప్పాలో నాకు ముప్పై ఏళ్ళు దాటేదాకా తెలియదంటే నమ్మండి. చిన్నప్పుడు సత్యోపదేశం క్లాసులో నేర్పింది వల్లె వేయడమే, అబద్ధాలాడాను, పిల్లలతో కొట్లాడాను, అమ్మ మాట వినలేదు. పెళ్ళయ్యాక కూడా అవే మూడు చెప్పి వచ్చేదాన్ని. ఒక తపఃకాలంలో మాత్రం గట్టిగా చెప్పాలని కూర్చుని, పక్కింటివాళ్ళతో గోడ గొడవ మొత్తం మొదట్నుంచీ చెప్పుకొచ్చాను, వాళ్ళు గోడ ఎంత జరిపారు, మా ఆయన్ని ఏమన్నారు, అన్నీ. ఫాదర్ గారు ఓపికగా విని, ఇందులో మీరు చేసిందేంటమ్మా అని అడిగారు. నాకు నోరు పెగల్లేదు. నేను చేసింది ఒకటుంది. రాత్రిళ్ళు అంట్లు తోమిన నీళ్ళు వాళ్ళ వాకిట్లో పోశాను, రెండు వారాలు. పది నిమిషాల కథలో ఆ ఒక్క వాక్యమే లేదు.

అప్పట్నుంచి నేను పాటించే పద్ధతి ఇది, పూర్తిగా తెలుగు వ్యాకరణం మీద ఆధారపడింది, నవ్వుకోండి ఫరవాలేదు. మన భాషలో తప్పు ఎవరు చేశారో చెప్పకుండానే తప్పు సంగతి చెప్పేయొచ్చు. మాట తూలింది. చెయ్యి పడింది. డబ్బు అటూ ఇటూ అయ్యింది. పూజకు వెళ్ళడం కుదరలేదు. ఈ వాక్యాల్లో మనిషే కనిపించడు, అన్నీ వాటంతటవే జరిగిపోయినట్టు ఉంటాయి. పాపసంకీర్తనంలో పనికొచ్చే క్రియ ఎప్పుడూ ‘ఆను’ అని ముగుస్తుంది, తిట్టాను, కొట్టాను, తీసుకున్నాను, మానేశాను. వాక్యం చివర ‘ను’ లేకపోతే ఆ వాక్యం ఇంకా తయారు కాలేదన్నమాట.

మొదటి రాత్రి ఒక కాగితం తీసుకుని కూర్చోండి, ఫోన్లో రాయొద్దు, పిల్లల చేతుల్లో పడే వస్తువు అది. ముందు పవిత్రాత్మను వెలుగు ఇమ్మని అడగండి, మీ మాటల్లోనే చాలు. తర్వాత పది ఆజ్ఞలు వరసగా తీసుకోవచ్చు, కానీ వాటిని చదువుతుంటే నాకు ప్రతిసారీ నరహత్య చేయలేదు, దొంగతనం చేయలేదు, పాస్ అయిపోయాను అనిపిస్తుంది. అందుకే నేను చోట్లను బట్టి వెళ్తాను. వంటిల్లు, పడకగది, డ్యూటీ, కిరాణా కొట్టు, చీటీ పాట, ఫోను, ఊళ్ళో ఉన్న ముసలి తల్లిదండ్రులు. ఒక్కో చోట నిలబడి ఆరు నెలల్లో ఇక్కడ ఏం జరిగిందని అడుక్కుంటే దొంగతనం కూడా దొరుకుతుంది, రానివాడికి డ్యూటీలో హాజరు వేయించడం దొంగతనం కాక మరేంటి. ఎలా గుర్తొస్తే అలా రాసేయండి, మాట తూలింది అనే రాసుకోండి, దిద్దడం రేపు.

రెండో రాత్రి ఆ కాగితాన్ని దిద్దాలి. ‘ఇంట్లో టెన్షన్ వల్ల పిల్లాడి మీద చెయ్యి పడింది’ అని ఉంటే దాన్ని ‘పిల్లాణ్ణి బెల్టుతో కొట్టాను, రెండుసార్లు’ అని మార్చండి. ‘చీటీ డబ్బు కాస్త అటూ ఇటూ అయ్యింది’ అని ఉంటే ‘పదిమంది చీటీ డబ్బులో మూడు వేలు వాడుకున్నాను, ఇంకా కట్టలేదు’. ‘జ్వరం తగ్గకపోతే ఎవరో మంత్రగాడి దగ్గరికి తీసుకెళ్ళారు’ అంటే, ఎత్తుకుని పోయారా మిమ్మల్ని? ‘వెళ్ళాను, తాయెత్తు కట్టించుకున్నాను’. రాస్తుంటే చెయ్యి ఆగుతుంది, ఆగిన చోటే అసలు సంగతి ఉంటుంది, అక్కడ లేచి మంచినీళ్ళు తాగి వచ్చైనా సరే రాయండి.

దీనికి రెండో వైపు కూడా ఉంది, అది చెప్పకపోతే మెత్తని మనసున్నవాళ్ళకు నేను అన్యాయం చేసినట్టే. కొన్ని వాక్యాలు ‘ను’ లోకి మారవు, మార్చకూడదు కూడా. కోపం వచ్చింది అనేది సరైన వాక్యమే, కోపం రావడం పాపం కాదు, వచ్చిన తర్వాత మీరు చేసిందే లెక్క. చెడ్డ కల వచ్చింది, అదీ అంతే. బిడ్డకు జ్వరమొచ్చి ఆదివారం పూజకు వెళ్ళలేదు, ఆ వారం గనిలో డ్యూటీ తప్పలేదు, ఇవి నిజంగానే కుదరకపోవడం. డ్యూటీ లేని ఆదివారం పడుకుని మానేస్తే అది ‘మానేశాను’. ఎంత ఆలోచించినా తేలనివి ఉంటాయి, వాటిని ఇది పాపమో కాదో తెలియడం లేదు ఫాదర్ అని అడగండి, తేల్చుకోవడానికి నిద్ర పాడుచేసుకోకండి. కొందరు ఒప్పుకున్న పాపాన్నే మళ్ళీ మళ్ళీ ఒప్పుకుంటారు, క్షమాపణ దొరికిందో లేదో అని వారానికోసారి పరుగెడతారు. అలాంటి వాళ్ళు ఒకే గురువు దగ్గరికి వెళ్ళి ఆయన చెప్పింది వినాలి, ఈ కాగితం పద్ధతి వాళ్ళకు పడదు, మానేయండి.

మూడో రాత్రి పెద్ద పాపాలను, చిన్నవాటిని వేరు చేసుకోవడం. సభ బోధ ప్రకారం చావైన పాపం కావాలంటే మూడూ కలవాలి: విషయం పెద్దదై ఉండాలి, అది తప్పని తెలిసి ఉండాలి, ఇష్టపడి చేసి ఉండాలి. అలాంటివన్నీ, ఏ రకమో, ఎన్నిసార్లో చెప్పి తీరాలి. ఎన్నిసార్లో గుర్తులేకపోతే నెలకు రెండుసార్లు, ఏడాదిగా అని అంచనా చెబితే సరిపోతుంది. అల్పపాపాలు చెప్పడం మంచిదే కానీ తప్పనిసరి కాదు. ఏడాదికి ఒకసారైనా సంకీర్తనం చేయాలనే నియమం 1215 నాటి నాలుగో లాతరన్ మహాసభ నుంచీ ఉంది. అది కనీసం, మూడు నెలలకోసారి వెళ్ళేవాళ్ళకు ఈ కాగితం చిన్నగా ఉంటుంది, పని తేలిక.

చీటీ మూడు వేల సంగతి ఇంకా అయిపోలేదు. పాపవిమోచనం దొరికింది కదా అని అప్పు మాఫీ కాదు. తీసుకున్నది తిరిగి కట్టాలి, చెడగొట్టిన పేరు సాధ్యమైనంత సరిచేయాలి. ఒక్కసారే కట్టలేకపోతే ఎలా కడతారో ఫాదర్ గారితోనే మాట్లాడుకోవచ్చు, కానీ ఆ మాట ఎత్తకుండా వచ్చేయకండి.

ఇప్పుడు మన ప్రాంతపు అసలు చిక్కు, భాష. ఇక్కడి గురువుల్లో చాలామంది కేరళ వాళ్ళు, పూజ హిందీలోనో మరాఠీలోనో. 1999లో ఆదిలాబాద్ వేరే పీఠం అయ్యేదాకా అదీ చాందాలో భాగమే కాబట్టి మంచిర్యాల వైపు పనిచేసి వచ్చిన పాత గురువులు ఎవరైనా ఉంటే తెలుగు బాగా అర్థమవుతుంది, కనుక్కోండి. లేకపోతే మూడు దారులున్నాయి. సెలవుకు ఊరెళ్ళినప్పుడు అక్కడ చేసుకోవడం ఒకటి. ఏ రీతి గురువు దగ్గరైనా చేయొచ్చు, మా రీతి కాదు కదా అనే అనుమానం వద్దు, 1983 లాటిన్ సభ చట్టం 991వ నియమం ఈ మాట సూటిగానే చెబుతుంది. దుబాసీని పెట్టుకోవడం ఇంకొకటి, 990వ నియమం దానికీ ఒప్పుకుంటుంది. ఆ దుబాసీ కూడా విన్నది ఎక్కడా చెప్పకూడదు, గురువుకైతే ఆ రహస్యపు ముద్ర ప్రాణం పోయినా విప్పడానికి లేదు. ఇన్ని చెప్పినా సొంత కోడలినో కొడుకునో దుబాసీగా పెట్టుకోవద్దనే నేనంటాను, చట్టం ఒప్పుకుంటుంది సరే, ఆ రాత్రి అన్నం దగ్గర మొహాలు ఎలా చూసుకుంటారు?

మూడోది నాకు నచ్చినది, నాలుగు వాక్యాలు హిందీలో నేర్చుకోవడం. ‘ఫాదర్‌జీ, ముఝే ఆశీర్వాద్ దీజియే, మైనే పాప్ కియా హై’ (నన్ను దీవించండి, నేను పాపం చేశాను). తర్వాత ఎన్ని నెలలైందో చెప్పాలి, ‘మేరా పిఛ్‌లా పాప్ స్వీకార్ తీన్ మహీనే పహలే హువా థా.’ బజారులో కూరగాయలు బేరమాడే హిందీ ఉంటే మిగతాదీ వచ్చేస్తుంది. హిందీలోనూ అదే కిటుకు ఉంది గమనించండి, ‘గుస్సా ఆ గయా’ (కోపం వచ్చింది) అని తప్పించుకోవచ్చు, ‘మైనే గాలీ దీ’ (నేను తిట్టాను) అంటే తప్పించుకోలేరు. మైనే అని మొదలుపెట్టండి చాలు. వ్యాకరణం తప్పినా ఎవరూ మార్కులు తగ్గించరు.

లోపల జరిగేది చిన్నదే. సిలువ గుర్తు, దీవించమని అడగడం, ఎంతకాలమైందో చెప్పడం, పాపాలు చెప్పడం. చివర ‘ఇవీ, నేను మరచిపోయినవీ అన్నిటికీ మనస్తాపపడుతున్నాను’ అనండి, ఆయనకు మీరు ముగించారని తెలుస్తుంది. ఆయన చెప్పేది వినండి, ప్రాయశ్చిత్తం ఇస్తారు, అర్థం కాకపోతే మళ్ళీ అడగండి. ఉత్తమ మనస్తాప జపం రానివాళ్ళు లూకా సువార్తలో సుంకరి చేసిన ప్రార్థన చేయొచ్చు, ‘దేవా, పాపినైన నన్ను కరుణించుము’, అంతకంటే పొట్టిది, గట్టిది నాకు తెలియదు. పాపవిమోచనం చెప్పాక ఆమెన్ అనాలి. తెర చాటున చేయాలని ఉంటే అడగండి, సిగ్గుపడేది ఏమీ లేదు. గుడి లేని ఊళ్ళలో వేప చెట్టు కింద కుర్చీ వేసుకుని కూర్చుంటారు, అప్పుడు మీరు పక్కకు తిరిగి మోకరిస్తే అదే తెర.

పెద్ద పాపం ఒకటి నిజంగా మరచిపోయి బయటికొస్తే అదీ క్షమించబడినట్టే, దివ్యసత్ప్రసాదం (పూజలో ఇచ్చే అప్పం) తీసుకోవచ్చు, తర్వాతిసారి చెప్పాలి. కావాలని దాచిపెడితే మాత్రం మొత్తం సంకీర్తనమే చెల్లదు. ఇచ్చిన ప్రాయశ్చిత్తం గుడి మెట్లు దిగకముందే చేసేయండి, ఆటో ఎక్కితే మరచిపోతాం. ఎండకు తల తిరుగుతోందని ఇంటికెళ్ళి చేస్తానన్న మా చెల్లికి, మూడు మంగళవార్త జపాలా (మరియమ్మకు చేసే ప్రార్థన) ఐదా అన్నది ఇప్పటికీ తేలలేదు.

ఈ వారం పని: మూడు రాత్రులు, రాత్రికి పదేసి నిమిషాలు, ఒక కాగితం. ‘ను’ లేని వాక్యాలు ఎన్ని దొరికాయో లెక్కపెట్టుకోండి, నాకు చెప్పక్కర్లేదు. వచ్చే పాఠంలో సిలువ మార్గం, ఇంట్లో పధ్నాలుగు స్థలాలు ఎలా పెట్టుకోవాలో చూద్దాం.

సంకీర్తనం అయిపోయిన వెంటనే ఆ కాగితం చించి పొయ్యిలో వేయండి. నేను ఒకసారి పర్సులో అలాగే ఉంచేసుకున్నాను, అది సామాన్ల చీటీతో కలిసి కిరాణా కొట్టుకు వెళ్ళింది. ఆయన రెండు వైపులా తిప్పి చూసి, ఇందులో పప్పు ఎన్ని కిలోలని రాశారు బాయీ అని అడిగాడు. మరాఠీ ఆయన, తెలుగు చదవడం రాదు, బతికిపోయాను.