గుర్రానికి లాంగ్ రీనింగ్ ఎలా మొదలుపెట్టాలి?

రెండు పొడుగాటి పగ్గాలు పట్టుకుని గుర్రం వెనకాల నడుస్తూ దాన్ని నడిపించడమే లాంగ్ రీనింగ్. జట్కా గుర్రాన్ని బండికి కట్టేముందు ఇట్లా వెనక నడిచి అలవాటు చేయడం పాత పద్ధతే, వియన్నాలో స్పానిష్ రైడింగ్ స్కూల్ వాళ్లు లిపిజానర్ గుర్రాలతో ఇదే పనిని డాన్స్ లెవెల్లో చూపిస్తారు, మనకి ఆ రెండిటి మధ్యలో ఎక్కడో ఉంటే చాలు. వీపు మీద మనిషి బరువు పడకుండానే పిల్ల గుర్రానికి తిరగడం, ఆగడం వచ్చేస్తాయి, అదీ లాభం.

ఒక్క కండిషన్, దానికి లాంజింగ్ ముందే వచ్చి ఉండాలి. అంటే ఒక్క తాడు మీద మీ చుట్టూ రెండు వైపులా తిరగాలి, నోటిమాటకి నడవాలి, ఆగాలి. తన్నే గుర్రమైతే ఒంటరిగా దాని జోలికి పోవద్దు, తెలిసిన ట్రైనర్ పక్కనుండాల్సిందే.

సామాన్లు పెద్దగా ఏం లేవు. ఒక్కోటి 7 నుంచి 9 మీటర్లుండే పగ్గాలు రెండు, మెత్తటి కాటన్‌వి తీసుకోండి, నైలాన్ జారితే అరచెయ్యి కాలిపోతుంది. గ్లవ్స్, హెల్మెట్, గట్టి బూట్లు. జీను వేసి, రికాబుల్ని కిందికి దించి, అవి ఊగకుండా పొట్ట కిందనుంచి ఒక పట్టీతో రెండిటినీ కలిపి కట్టేయండి. పగ్గాలు వాటిలోంచే వెనక్కి వస్తాయి. మొదట్లో పగ్గాల్ని కళ్ళేనికి కాకుండా హాల్టర్ (నోట్లో ఇనుము లేకుండా తలకి తొడిగే పట్టీ) పక్క రింగులకి తగిలించండి, మన చేతులింకా మొరటుగా ఉంటాయి, ఆ దెబ్బ దాని నోటికెందుకు. పగ్గాల చివర్లు రెండూ కలిపి ముడేయొద్దు, మీ కాలు ఇరుక్కుంటుంది. చేతికి చుట్టుకోవడం అసలే వద్దు.

ఇప్పుడు అసలు పని. సైస్‌ని (గుర్రాన్ని చూసుకునే మనిషిని) తల దగ్గర నిలబెట్టి, పగ్గంతో గుర్రం వీపు, పిర్రలు, వెనక కాళ్లు మెల్లగా రాస్తూ ఉండండి. కాలెత్తిందనో తోక విదిలించిందనో వెంటనే తాడు లాగేసుకుంటే, ఓహో ఇలా చేస్తే తాడు పోతుందన్నమాట అని నేర్చేసుకుంటుంది, కాబట్టి అది కుదురుగా నిలబడ్డాకే తీయాలి. దీనికి వారం పట్టినా పట్టనీయండి, ఇక్కడ తొందరపడ్డవాళ్లే తర్వాత గుర్రం వెంట పరిగెడతారు.

ఆ తర్వాత కంచె ఉన్న చోట, మామూలు లాంజింగ్‌లాగే గుండ్రంగా తిప్పుతూ, లోపలి పగ్గం నేరుగా చేతికి తెచ్చుకుని, బయటి పగ్గం మాత్రం రికాబులోంచి పిర్రల చుట్టూ రానివ్వండి. రెండు వైపులా అలవాటయ్యాక లోపలి పగ్గాన్ని కూడా రికాబులోంచి తీసుకుని, కొంచెం కొంచెంగా పక్కనుంచి వెనక్కి జరగండి. సరిగ్గా తోక వెనక మనం దానికి కనపడం, అందుకే ఒక పక్కకి ఉండాలి, కాలు అందనంత దూరం, అంటే 3 మీటర్లకి తగ్గకుండా. కనపడనప్పుడు దానికి మన గొంతే ఆధారం, మాట్లాడుతూనే ఉండండి. మార్వాడీ గుర్రమైతే ఇంకా సులువు, ఆ వంకర చెవులు ఇట్టే వెనక్కి తిరుగుతాయి, వింటోందో లేదో తెలిసిపోతుంది.

తిప్పడంలో అందరూ చేసే తప్పు ఒకటుంది. కుడికి తిప్పాలంటే కుడి పగ్గం లాగుతారు, ఎడమ చెయ్యి మాత్రం బిగించే ఉంచుతారు, పాపం గుర్రం ఏం చేస్తుంది, ఆగిపోతుంది లేదా తల ఎగరేస్తుంది. కుడి వేళ్లు బిగించినంత మేర ఎడమ చెయ్యి వదలాలి. అంత పొడుగు పగ్గం బరువే దానికి తెలుస్తూ ఉంటుంది, గుంజాల్సిన పనే లేదు. ఆపేటప్పుడూ అంతే, ముందు "హో" అనండి, తర్వాత వేళ్లు బిగించండి, ఆగిన క్షణంలో వదిలేయండి.

ఒకసారి నా చేతిలో పగ్గం వదులై గుర్రం తోక కిందికి పోయింది. అది తోక గట్టిగా బిగించేసి ఉరికింది, నేను భయపడి లాగాను, లాగినకొద్దీ ఇంకా బిగించింది! చేయాల్సింది దానికి సరిగ్గా ఉల్టా, ఆ పగ్గం పూర్తిగా వదులు చేసి, గొంతుతో ఆపి, తోక సడలేదాకా ఆగాలి.

మొదటి రోజుల్లో 10–15 నిమిషాలు చాలు, అదీ నడకే, ట్రాట్ (నెమ్మది పరుగు) సంగతి తర్వాత. ముగించేటప్పుడు గుర్రాన్ని ఆపి, సైస్ తల పట్టుకున్నాకే మీరు పక్కనుంచి ముందుకి రండి, వచ్చేటప్పుడు పగ్గాలు నేల మీద ఈడ్చుకుంటూ కాకుండా మడతలు వేసుకుంటూ రండి, ఆఖరి నిమిషంలో దాని కాలు పడేది ఆ తాడు మీదే.