శాఖా గ్రంథాలయంలో ఆరోగ్య సమాచార విభాగాన్ని నడపడం ఎలా?

హైదరాబాద్ గ్రంథాలయాల్లో ఆరోగ్య విభాగం అన్న పేరుతో కనిపించేది చాలాచోట్ల ఒకే రకంగా ఉంటుంది. ఒక ఇనుప బీరువా, అందులో దాతలు ఇచ్చిపోయిన చిట్కా వైద్యం పుస్తకాలు, గోడమీద చేతులు కడుక్కోవడం గురించిన పోస్టరు, పక్కన ప్రారంభోత్సవం నాటి ఫ్లెక్సీ. ఎవరైనా వచ్చి "సార్, మా అమ్మకు థైరాయిడ్ అన్నరు, ఏం తినాలె?" అని అడిగితే సిబ్బంది తమకు తోచిన సలహా ఇస్తారు, లేదా గూగుల్‌లో చూసుకొమ్మంటారు. మొదటిది మన పని కాదు, రెండోది చెప్పడానికి గ్రంథాలయమే అక్కరలేదు. నమ్మదగిన కాగితాన్ని వెతికి, అడిగినవారి చేతికి అందించి, అది అర్థమయ్యేలా చేయడం వరకే మన బాధ్యత. ఆ పని ఎలా చేయాలో కింద వివరిస్తున్నాను.

సామగ్రి, చోటు

ఒక బల్ల, రెండు కుర్చీలు, డజను బాక్సు ఫైళ్లు, తేదీ ముద్ర, జిరాక్సు సౌకర్యం ఉంటే చాలు. నిధులు లేవన్న సాకును నేను అంగీకరించను. నగరంలో ఆస్తి పన్ను కట్టే ప్రతి ఇంటి నుంచీ రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలవుతున్నప్పుడు డజను ఫైళ్లు కొనలేకపోవడం ఉండదు.

బల్లను రీడింగ్ హాల్లో వేయకండి. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో లాగే చిన్న శాఖల్లోనూ ఆ కుర్చీలన్నీ ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలతో నిండి ఉంటాయి, అక్కడ గొంతు పెగిలితే చాలు పది తలలు లేస్తాయి. దినపత్రికల గదికి ఆనుకుని వేయండి. ఉదయం పూట పేపరు కోసం వచ్చే పెద్దవాళ్లే మీ మొదటి పాఠకులు. రెండు కుర్చీలూ పక్కపక్కనే ఉండాలి. బల్లకు అటొకరు ఇటొకరు కూర్చుంటే వచ్చినవారు మిమ్మల్ని డాక్టరనుకుంటారు, కాసేపటికి మీరూ అలాగే అనుకుంటారు.

ఫైళ్లు తయారు చేయడం

షుగర్, బీపీ, థైరాయిడ్, టీబీ, డెంగ్యూ, కుక్కకాటు, రక్తహీనత, పిల్లల టీకాలు, గర్భిణుల ఆహారం, ఉబ్బసం, మానసిక ఆరోగ్యం, కిడ్నీ వ్యాధులు. ఈ పన్నెండుతో మొదలుపెడితే వచ్చే ప్రశ్నల్లో అధికభాగానికి సరిపోతుంది. ఒక్కో ఫైలులో విడి కాగితాలే ఉండాలి, బైండు చేయకూడదు, లామినేషన్ అసలే వద్దు. లామినేట్ చేసిన కాగితాన్ని పాతబడినా ఎవరూ తీసేయరు. ఫైలు లోపల తెలుగు కాగితాలు ఒక కవరులో, ఉర్దూవి వేరే కవరులో పెట్టండి, రెంటినీ కలిపితే ఇద్దరికీ ఇబ్బందే. అక్షరాలు పెద్దవిగా ఉండాలి. ప్రతి కాగితం కుడివైపు పైమూలన సేకరించిన తేదీ ముద్ర వేయాలి.

ఏ కాగితాన్ని ఫైలులోకి రానివ్వాలన్న విషయంలో కఠినంగా ఉండండి. కేంద్ర, రాష్ట్ర ఆరోగ్య శాఖలు, ప్రపంచ ఆరోగ్య సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి ప్రచురించినవి తీసుకోవచ్చు. ఆహారానికి సంబంధించినంతవరకు మన ఊళ్లోనే, తార్నాకలో, 1958 నుంచి జాతీయ పోషకాహార సంస్థ ఉంది. అది 2024లో సవరించి విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో 17 సూత్రాలు ఉన్నాయి. అవి దగ్గర ఉంటే మరే డైట్ పుస్తకమూ అవసరం లేదు. మందుల కంపెనీల కరపత్రాలు, ఆస్పత్రుల ప్రకటనలు అచ్చేసిన క్యాలెండర్లు, వాట్సాప్‌లో తిరిగేవి ఎంత బాగున్నా వద్దు. "షుగర్ మటుమాయం" అంటూ ఎవరైనా కరపత్రాల కట్ట తెచ్చి బల్లమీద పెట్టబోతే మొహమాటపడకండి. మధుమేహం, క్యాన్సర్ వంటి జబ్బులు నయం చేస్తామని ప్రకటించడాన్ని 1954 నాటి మందులు, మాయచికిత్సల ప్రకటనల చట్టమే నిషేధించింది. ఆ మాట మర్యాదగా చెప్తే రెండోసారి రారు.

పాత పుస్తకాల విషయం కూడా ఇక్కడే చెప్పాలి. మిగతా అలమరాల్లో పాతదనం గౌరవం, వైద్యం అలమరాలో అదే ప్రమాదం. కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు అన్న భయం ఇంకా జనంలో ఉంది. ఆ పాత టీకా వాడకం దేశంలో 2004తోనే ఆగిపోయినా, దాన్నే వివరించే పుస్తకాలు మన బీరువాల్లో ఉన్నాయి. ఆ ఇంజెక్షన్లకు జడిసి గాయం మీద పసుపో కారమో అద్ది ఊరుకునేవారు ఉన్నారంటే అందులో ఆ పుస్తకాల వాటా కూడా ఉంది. అలాగే రోటావైరస్ టీకా 2016లో, న్యుమోకాకల్ టీకా 2017లో మొదలై దశలవారీగా దేశమంతటా జాతీయ పట్టికలోకి వచ్చాయి. అంతకుముందు అచ్చయిన శిశు సంరక్షణ పుస్తకాల్లో ఉన్న టీకాల పట్టిక అసంపూర్ణమని వేరే చెప్పనక్కరలేదు. డ్యూయీ వర్గీకరణలో వైద్య పుస్తకాలుండే 610 వరుసలో పదేళ్లు దాటినవాటిని ఒక్కొక్కటిగా తీసి చూసి, చరిత్రకు పనికొచ్చేవి చరిత్రలో పెట్టి, మిగతావి రద్దు రిజిస్టరులోకి ఎక్కించండి.

చిరునామాల కాగితం

ఇది తేలిక, అయినా తప్పనిసరి. మీ శాఖకు నడిచి వెళ్లగల దూరంలో ఉన్న బస్తీ దవాఖానా, పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, వాటి వేళలు స్వయంగా వెళ్లి చూసి రాసుకోండి. ఆ కిందనే పెద్దాస్పత్రులు రాయండి: పిల్లలకు నిలోఫర్, అంటువ్యాధులకు నల్లకుంట ఫీవర్ ఆస్పత్రి, కంటికి మెహదీపట్నం సరోజినీదేవి, క్యాన్సర్‌కు రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే, మానసిక వైద్యానికి ఎర్రగడ్డ. అత్యవసరానికి 108, మానసిక ఆరోగ్య సహాయానికి టెలీ మానస్ 14416, హెచ్‌ఐవీ సమాచారానికి 1097 నంబర్లు పెద్ద అంకెల్లో ఉండాలి. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో పది లక్షల రూపాయలకు పెరిగింది. ఆ మాట రాసి ఉంచండి గానీ, ఫలానా ఆపరేషన్ వర్తిస్తుందా అన్న ప్రశ్నకు మాత్రం ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రనే అడగమని చెప్పండి.

అసలు కష్టమైన దశ: ప్రశ్న వినడం, కాగితం అందించడం

ఇంతవరకు చెప్పినదంతా గుమస్తా పని, వారం రోజుల్లో ఎవరైనా చేయగలరు. విభాగాలు దెబ్బతినేది ఇక్కడే, అందువల్ల ఈ భాగాన్ని నిదానంగా చదవండి.

మొదటగా, పాఠకుడు అడిగిన మాటే అతని ప్రశ్న అనుకోకండి. జబ్బుల పేర్లు మన నోళ్లలో పడి అర్థం మార్చుకుంటాయి. "నరాల వీక్‌నెస్" అంటే అరికాళ్ల తిమ్మిరి కావచ్చు, నిద్రలేమి కావచ్చు, నోరు విడిచి చెప్పుకోలేని మరొకటి కావచ్చు. "కామెర్లు" ఒక జబ్బు కాదు, అనేక జబ్బుల్లో కనిపించే లక్షణం. ఇక "థైరాయిడ్" సంగతి చెప్పనే అక్కరలేదు. ఆ గ్రంథి తక్కువగా పనిచేస్తే హైపో, ఎక్కువగా పనిచేస్తే హైపర్, రెండూ ఒకదానికొకటి పూర్తిగా ఎదురు. ఒకదాని కాగితం అడిగినవారికి రెండోదాని కాగితం ఇస్తే ఇవ్వకపోవడమే నయం. కాబట్టి "డాక్టరు చీటీలో ఏ పేరు రాశారో చూపిస్తారా?" అని అడిగి, ఆ అక్షరాలను యథాతథంగా చూసి, ఆ తరువాతే ఫైలు తెరవాలి. చీటీ ఇంట్లో ఉందంటే రేపు తెమ్మనండి. ఊహించి ఇవ్వకండి.

రెండోది, జబ్బు ఎవరికని ఎప్పుడూ అడగకూడదు. "మీకా?" అన్న ఒక్క మాటతో మనిషి ముడుచుకుపోతాడు, టీబీ, హెచ్‌ఐవీ, మానసిక సమస్యల విషయంలో లేచి వెళ్లిపోతాడు కూడా. "ఏ సంగతి తెలుసుకోవాలనుకుంటున్నారు? జబ్బు గురించా, ఆహారం గురించా, ఎక్కడ చూపించుకోవాలన్నదా?" అని అడిగితే కావలసినదంతా వస్తుంది. రిజిస్టరులో తేదీ, విషయం మాత్రమే రాయాలి. పేరు, ఫోను నంబరు, పేట ఏదీ వద్దు. ఫోటోలు తీసి గ్రూపుల్లో పెట్టే అలవాటున్న శాఖలు ఈ విభాగం పెట్టకపోవడమే మంచిది.

మూడోది, అన్నింటికంటే కీలకమైనది, ల్యాబు రిపోర్టు. ఎవరో ఒకరు మడతపెట్టిన రిపోర్టు విప్పి బల్లమీద పరిచి "జర చూడుండ్రి సార్, షుగర్ ఉన్నట్టేనా?" అని అడుగుతారు. పరగడుపున 126 మిల్లీగ్రాములు, ఆపైన ఉంటే మధుమేహంగా పరిగణిస్తారని మన ఫైలులోని కాగితంలోనే ఉంటుంది, ఆయన రిపోర్టులో 131 అని కళ్లముందు కనిపిస్తూనే ఉంటుంది. అయినా "ఉంది" అన్న మాట మన నోట రాకూడదు. లక్షణాలు లేనివారికి ఆ పరీక్ష మళ్లీ చేసి నిర్ధారించుకోవాలని అదే కాగితంలో రెండు వరుసల కింద ఉంటుంది, మనం ఒక్క మాటలో తేల్చేస్తే ఆ రెండు వరుసలూ ఆయన చదవరు. అలాగని "ఏం భయం లేదు, ఇది మామూలే" అనడం ఇంకా పెద్ద తప్పు. ఆ ధైర్యంతో ఆయన ఏడాదిపాటు డాక్టరు గడప తొక్కకపోవచ్చు. చెప్పవలసింది ఇంతే: "మీ రిపోర్టులో అంకె ఇక్కడ ఉంది, మామూలుగా ఎంత ఉండాలన్నది దాని పక్క గడిలో ఉంది, ఈ కాగితంలో ఇలా రాశారు. మీ విషయంలో దీని అర్థం డాక్టరు చెప్పాలి." ఈ వాక్యాలను సిబ్బంది కంఠస్థం చేయాలి. సొంత మాటల్లో చెప్పబోతే ఎక్కడో ఒకచోట తీర్పు దొర్లుతుంది.

అంతటితో వదిలేయకూడదు. డాక్టరును అడగవలసిన మూడు ప్రశ్నలు పాఠకుడితో కలిసి రాయించి చేతికివ్వండి. మూడే, నాలుగోది వద్దు, ఓపీ వరసలో దొరికే సమయానికి అంతకంటే పట్టవు. దీనికి పాత క్యాటలాగు కార్డులంత అనువైనవి లేవు. కంప్యూటర్లు వచ్చాక సొరుగుల్లో మూలుగుతున్న ఆ కార్డుల వెనకవైపు ఖాళీగానే ఉంటుంది, చొక్కా జేబులో సరిగ్గా పడుతుంది, కింద ఉన్న రంధ్రంలోంచి దారం వేసి ఆస్పత్రి ఫైలుకు కట్టుకునేవారూ ఉన్నారు.

నాలుగోది, మందులు. ఈ మాత్ర ఆపేయవచ్చా, దీని బదులు అది వాడవచ్చా, సగం వేసుకోవచ్చా అన్న ప్రశ్నలకు ఫైలు కూడా తెరవకండి. మందు పేరు, అది దేనికి వాడతారు అన్నంతవరకు చూపించవచ్చు. మిగతాది డాక్టరుదీ, ఫార్మసిస్టుదీ.

ఐదోది, మీ అభిప్రాయం. ఏటా మృగశిర కార్తె వస్తోందంటే చేప ప్రసాదం గురించి అడిగేవారు ఉంటారు, డెంగ్యూ రోజుల్లో బొప్పాయి ఆకు రసం గురించి అడుగుతారు. మీకు నమ్మకం ఉన్నా లేకపోయినా ఆ చర్చలోకి దిగకండి. ప్రసాదం తీసుకోవడం, మానడం వారి ఇష్టం. ఉబ్బసం ఫైలు తీసి, డాక్టరు చెప్పకుండా ఇన్‌హేలర్ ఆపవద్దన్న వాక్యాన్ని మాత్రం వేలు పెట్టి చూపించండి. డెంగ్యూ కాగితంలోనైతే ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ వాడవద్దన్న వరుసనూ, విడవని కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం వంటి ప్రమాద సూచనలనూ చూపించండి. చదవలేనివారికి చదివి వినిపించేటప్పుడు కాగితంలో లేని మాట ఒక్కటి కూడా కలపకూడదు.

ఈ నియమాలన్నిటికీ ఒక మినహాయింపు ఉంది. "పొద్దుటి నుంచి గ్యాస్ పట్టేసింది, ఎడమ చెయ్యి గుంజుతోంది, గ్యాస్ మీద పుస్తకం ఉందా?" అని ఎవరైనా చెమటలు కక్కుతూ అడిగితే పుస్తకం వెతకకండి, వెంటనే 108కి ఫోను చేయండి. మూతి వంకర పోవడం, మాట తడబడటం, ఒకవైపు కాలూ చెయ్యీ స్వాధీనం తప్పడం కూడా అంతే. కుక్క కరిచి నేరుగా వచ్చినవారిని ముందు కుళాయి దగ్గరికి తీసుకెళ్లి సబ్బుతో పదిహేను నిమిషాలు గాయం కడిగించి, ఆస్పత్రికి పంపించండి. కాగితం ఆ తరువాత ఇవ్వవచ్చు.

టచ్ స్క్రీన్లు, ఆరోగ్య శిబిరాలు

ఫైళ్లకు బదులు టచ్ స్క్రీన్ పెడితే ఆధునికంగా ఉంటుందని సలహా ఇచ్చేవారు ఉంటారు. స్క్రీన్ ముందు నిలబడి తన జబ్బు పేరు టైపు చేయడానికి మన పాఠకుడు సిద్ధంగా లేడు, వెనక వరసలో ఉన్నవారు చదువుతారని అతనికి తెలుసు. పైగా స్క్రీన్ ఇంటికి రాదు, కాగితం వస్తుంది, ఇంట్లో నలుగురూ చదువుతారు. ఏడాదికోసారి బీపీ మిషను తెచ్చి శిబిరం పెట్టి దండలు వేయించుకునే పద్ధతి కంటే వారానికి మూడు రోజులు, ఉదయం తొమ్మిది నుంచి పదకొండు వరకు, ఒకే మనిషి ఆ కుర్చీలో కూర్చోవడం మేలు. మనిషి మారితే అడిగేవారు ఆగిపోతారు.

నిర్వహణ

మూడు నెలలకోసారి ఫైళ్లన్నీ తీసి తేదీ ముద్రలు చూడండి. రెండేళ్లు దాటిన కాగితానికి కొత్త ప్రతి దొరుకుతుందేమో వెతకండి, దొరక్కపోతే పాతదాన్ని తీసేసి ఖాళీ ఉంచండి. చిరునామాల కాగితంలోని ప్రతి నంబరుకూ ఫోను చేసి చూడండి. రిజిస్టరులో పదేపదే కనిపిస్తూ ఫైలు లేని విషయానికి పదమూడో ఫైలు తెరవండి. వానాకాలపు కాగితాలు, అంటే డెంగ్యూ, మలేరియా, నీళ్ల విరేచనాలవి, మే నెలాఖరుకే ఒక్కోటి యాభై ప్రతులు జిరాక్సు తీయించి పెట్టుకోండి. మొదటి పెద్దవాన పడిన రోజు కాగితం కోసం జనం వస్తారు, కరెంటు మాత్రం ఉండదు.