అమెరికా యాస చెవికెక్కేదాకా

విమానం దిగిన మొదటి వారంలో చాలామందికి ఒకటే దిగులు. చిన్నప్పట్నుంచి ఇంగ్లిష్ మీడియం, జీఆర్‌ఈ రాశాం, వీసా ఇంటర్వ్యూ గట్టెక్కాం. మరి శాండ్‌విచ్ షాపులో అమ్మాయి అడిగిన ఒక్క ముక్క ఎందుకు అర్థం కాలేదు? నన్ను అడిగింది 'ఫిరార్ టుగో?' అని. ఇక్కడే తింటారా, పట్టుకెళ్తారా అని దాని అర్థం. నేను మూడుసార్లు 'సారీ' అని, నాలుగోసారి 'యెస్' అన్నాను. దేనికి యెస్సో ఆమెకీ తెలీదు, నాకూ తెలీదు.

మనం ఇంగ్లిష్‌ని ఎక్కువగా కాగితం మీద నేర్చుకున్నాం. టి కనబడితే 'ట' అంటాం. అమెరికన్లు మాట మధ్యలో, రెండు అచ్చుల నడుమ వచ్చే టిని అలా అనరు. నాలుక కొసని పళ్ల వెనక ఒక్కసారి తాకించి వదిలేస్తారు. అది దాదాపు మన 'ర'. అందుకే సిటీ 'సిరీ' అవుతుంది, గెట్ ఇట్ 'గెరిట్' అవుతుంది, 'లాట్ ఆఫ్' కాస్తా 'లారవ్'. దీన్ని 'డ' అని నేర్పేవాళ్లున్నారు గానీ తెలుగు చెవికి 'ర' అనుకుంటేనే తేలిక. నాకు ఈ కిటుకు తెలిశాక సగం టెన్షన్ తగ్గింది. టి తరవాత వచ్చే అక్షరాన్ని నొక్కి పలికే మాటల్లో మాత్రం ఇలా జరగదు. హోటల్‌లో టి చెక్కుచెదరదు. ఇక న్ పక్కన టి ఉంటే చాలాసార్లు మాయమే: ట్వెనీ, ఇనర్నెట్, అట్లానా.

ఆఫీసులో అసలు ప్రమాదం కెన్, కాంట్‌లతో. కాంట్ చివరి టి గొంతులోనే ఆగిపోతుంది, బయటికి వినబడదు. మరి తేడా ఎలా తెలుస్తుంది? చేయగలను అన్నప్పుడు ఆ కెన్‌ని నలిపేస్తారు: 'ఐక్న్ డూయిట్'. చేయలేను అన్నప్పుడు నొక్కి పలుకుతారు: 'ఐ క్యాన్ డూయిట్'. అంటే 'క్యాన్' అని స్పష్టంగా వినబడిందంటే చాలాసార్లు కుదరదనే అర్థం! నా మొదటి ఉద్యోగంలో మా టీమ్ లీడ్ శుక్రవారానికి ఇవ్వలేనన్నాడు. ఇస్తానన్నాడని నేను అందరికీ మెయిల్ కొట్టేశాను. అప్పట్నుంచి అనుమానం వస్తే 'సో దట్స్ ఎ నో?' అని అడిగి మరీ రాసుకుంటున్నాను.

ఇప్పుడు వాళ్ల వైపు నుంచి. మనం ఆర్ మడతపెట్టి మాట్లాడాల్సిన పని లేదు, అది రెండో రోజుకే వెగటుగా ఉంటుంది. వాళ్లని ఇబ్బంది పెట్టేవి రెండు మూడే. ఒకటి, తెలుగులో అక్షరాలన్నిటికీ ఇంచుమించు ఒకే బరువు. ఇంగ్లిష్‌లో ప్రతి పెద్ద మాటకీ ఒక చోట బరువు ఉంటుంది. డెవలప్‌మెంట్‌లో 'వె' మీద, ఈవెంట్‌లోనూ 'వె' మీదే. ఆ బరువు తప్పితే మాట మొత్తం తప్పినట్టే వింటారు. రెండోది వేగం, దాని గురించి నేను చెప్పక్కర్లేదు. మాట మొదట్లో వచ్చే పి, టి, కెలని వాళ్లు గాలి వదిలి పలుకుతారు, మనం వదలం. అందుకని కాఫీ షాపులో పవన్ అని చెబితే కప్పు మీద 'బవన్' అని రాసిస్తారు. ఫోన్‌లో అయితే 'పి యాజ్ ఇన్ పీటర్, వి యాజ్ ఇన్ విక్టర్' అనండి. వి, డబ్ల్యూ రెండూ మనకి ఒకే 'వ' కదా, వెంకట్‌లకీ విజయ్‌లకీ ఇది తప్పదు. జెడ్‌ని ఇక్కడ 'జీ' అంటారు, అది మన చెవికి జి లాగే వినబడుతుంది. ఫోన్ నంబర్లో 'డబుల్ ఫైవ్' అనకుండా 'ఫైవ్ ఫైవ్' అనండి.

అమెరికా యాస అని ఒకటే ఉందనుకోకండి. శ్రీకాకుళానికీ కర్నూలుకీ కరీంనగర్‌కీ తేడా లేదూ! టెక్సస్‌లో ముదురు యాసవాళ్లు టైమ్‌ని 'టామ్' అంటారు, పెన్నూ పిన్నూ ఒకేలా పలుకుతారు. డాలస్ పక్కనున్న ప్లేనో, ఫ్రిస్కోల్లో వేరే ఊళ్ల నుంచి వచ్చినవాళ్లే ఎక్కువ కాబట్టి అది అంతగా వినబడదు. ఊళ్లు దాటి ఏ గ్యాస్ స్టేషన్‌లోనో ఆగితే తెలుస్తుంది. వాళ్ల 'యాల్' నాకు తెగ నచ్చింది, ఇంగ్లిష్‌లో లేని 'మీరంతా' అదే. బోస్టన్ పాత యాసలో ఆర్ ఎగిరిపోయి కారు 'కా' అవుతుంది. న్యూయార్క్‌లో కూడా ఒకప్పుడు అంతే. 1962లో విలియం లబోవ్ అనే భాషావేత్త అక్కడి మూడు డిపార్ట్‌మెంట్ స్టోర్లలో సేల్స్ వాళ్ల చేత 'ఫోర్త్ ఫ్లోర్' అనిపించి చూశాడు. ఖరీదైన షాపులో ఆర్ ఎక్కువ వినబడింది, చవక షాపులో తక్కువ. యాసని చూసి మనిషి అంతస్తు కొలిచే జబ్బు, తెలంగాణ యాసని విలన్లకీ కమెడియన్లకీ అంటగట్టిన మన పాత సినిమాలదే కాదన్నమాట.

ఊళ్ల పేర్లు, రాష్ట్రాల పేర్లు మాత్రం స్పెల్లింగ్ చూసి పలక్కండి. ఆర్కన్సాలో చివరి ఎస్ పలకరు, శాన్ హోసేలో జెని 'హ' అంటారు. టెక్సస్ ఊరు హ్యూస్టన్, అదే స్పెల్లింగ్‌తో ఉన్న న్యూయార్క్ వీధి హౌస్టన్.

చెవి అలవాటు పడటానికి కారులో పాటలు ఆపి లోకల్ రేడియో పెట్టండి. మీటింగుల్లో క్యాప్షన్లు ఆన్ చేసుకోండి, ఎవరూ ఏమీ అనుకోరు. అర్థం కానప్పుడు 'ఊఁ' అనేసి తలూపడం మానేయండి, ముఖ్యంగా ఇంటి లీజు, ఇన్సూరెన్స్, డాక్టర్ విషయాల్లో. ఫిఫ్టీనో ఫిఫ్టీయో తేలకపోతే 'వన్ ఫైవా, ఫైవ్ జీరోనా' అని అడగండి. ఇక్కడ పుట్టి పెరిగినవాళ్లూ ఫోన్‌లో ఒకరినొకరు ఇలాగే అడుగుతుంటారు.