పిల్లలకి రకరకాల మనుషుల కథలున్న పుస్తకాలు ఎలా వెతకాలి?

తెలుగు పిల్లల పుస్తకాల కోసం షాపుకి వెళ్తే ముందు చేతికొచ్చేవి తెనాలి రామకృష్ణుడు, పంచతంత్రం, అక్బర్ బీర్బల్, ఓ పక్కన సిండ్రెల్లా. ఇవి ఉండాల్సిందే. కానీ క్లాసులో మన పిల్ల పక్కనే కూర్చునే ఫాతిమా ఇంట్లో ఆదివారం ఏం వండుకుంటారో, అరకు కొండల్లో పిల్లలు ఏం ఆడుకుంటారో వీటిలో కనబడదు. అలాంటి పుస్తకాలు లేక కాదు, ఎక్కడ దొరుకుతాయో తెలియక మనం కొనడం లేదు.

1. ముందు ఇంట్లో ఉన్నవి బయటికి తీయండి

పిల్లల్ని కూర్చోబెట్టుకుని వాళ్ళ పుస్తకాలన్నీ నేలమీద పరవండి. ఎన్నిట్లో ఆడపిల్ల కథ నడిపిస్తోంది? ముస్లిం, దళిత, ఆదివాసీ పిల్లలు ఎక్కడైనా ఉన్నారా? వీల్‌చెయిర్‌లో తిరిగే పిల్లాడున్నాడా? వేరే దేశం అంటే అమెరికా, ఇంగ్లండేనా? లేనివి ఓ కాగితం మీద రాసుకోండి. కొనాల్సిన లిస్టు అదే.

2. డబ్బు పెట్టే ముందు స్టోరీవీవర్ చూడండి

ప్రథమ్ బుక్స్ వాళ్ళు 2015లో మొదలుపెట్టిన వెబ్‌సైట్ ఇది. కథలన్నీ ఉచితం. భాష దగ్గర తెలుగు ఎంచుకుని, పిల్లల చదువు స్థాయిని బట్టి లెవెల్ పెట్టుకుంటే చాలు. ఆఫ్రికన్ స్టోరీబుక్ అనే ప్రాజెక్టు కథలు కూడా ఇందులో చాలా ఉన్నాయి. చాలా కథలు ఒకటికి మించిన భాషల్లో ఉంటాయి కాబట్టి, తెలుగు మాట్లాడతారు గానీ చదవలేని విదేశాల్లోని మన పిల్లలకి ఇది బాగా పనికొస్తుంది. ఇంగ్లీషులో వాళ్ళు చదువుతారు, తెలుగులో మీరు చదివి వినిపించండి.

3. పబ్లిషర్ పేరుతో వెతకండి

'పిల్లల పుస్తకాలు' అని కొడితే ఎప్పుడూ అవే వస్తాయి. పబ్లిషర్ పేరు తెలిస్తే సగం పని అయిపోయినట్టే. చెన్నైలోని తూలిక ఒకే పుస్తకంలో ఇంగ్లీషు, తెలుగు రెండూ పక్కపక్కన వేస్తుంది. సికింద్రాబాద్‌లోని మంచి పుస్తకం, హైదరాబాద్ బుక్ ట్రస్ట్, నేషనల్ బుక్ ట్రస్ట్ పుస్తకాలు తక్కువ ధరకే దొరుకుతాయి. తారా బుక్స్ గోండు చిత్రకారులతో వేసిన పుస్తకాల్లో కొన్ని చేత్తో ప్రింట్ చేసినవి, ఖరీదు ఎక్కువే. పుట్టినరోజుకి ఒకటి కొనివ్వండి.

హైదరాబాద్‌లోని అన్వేషి సంస్థ తెచ్చిన కథల సిరీస్ దొరికితే మాత్రం వదలొద్దు. గోగు శ్యామల, మహమ్మద్ ఖదీర్‌బాబు లాంటివాళ్ళు రాశారు. ముస్లిం ఇంట్లో తలకూర వండుకునే కథ కూడా ఉంది అందులో. పాఠ్యపుస్తకాల్లో కనిపించని వంటిల్లు అది.

4. కొనే ముందు నాలుగు పేజీలు తిప్పండి

ఆదివాసీ పిల్ల ఉన్నంత మాత్రాన అది మంచి పుస్తకం అయిపోదు. ఆ పిల్లకి పేరుందా? సొంతంగా ఏదైనా చేస్తుందా, లేక పట్నం నుంచి వచ్చినవాళ్ళు సాయం చేయడానికే ఉందా? బొమ్మల్లో ఎప్పుడూ ఈకలు, పూసలేనా? చదివాక మన పిల్లలకి జాలి ఒక్కటే మిగిలేలా ఉంటే పక్కన పెట్టేయండి.

ఎలా ఉండాలో తెలియాలంటే జపాన్ రచయిత్రి కురొయనాగి రాసిన 'రైలుబడి' చూడండి. అందులో పోలియో వచ్చిన యసువాకి అనే పిల్లాడిని కథలోని చిన్నపిల్ల టొటో-చాన్ చెట్టెక్కిస్తుంది. నిచ్చెన తెచ్చి, చెమటలు కక్కుతూ పైకి లాగుతుంది. పెద్దవాళ్ళెవరికీ చెప్పదు. ఆ పిల్లాడు అక్కడ తోటి స్నేహితుడు, అంతే. తొమ్మిది, పదేళ్ళ నుంచి హాయిగా చదువుకోవచ్చు.

5. టీనేజర్లకి బొమ్మల నవలలు ఇవ్వండి

పదమూడు దాటాక 'మంచి పుస్తకం, చదువు' అంటే ముట్టుకోరు. ఏమీ చెప్పకుండా సోఫా మీద పడేసి వెళ్ళండి. 2011లో నవయాన వేసిన 'భీమాయణ' అలా ఇవ్వదగ్గది. ఇంగ్లీషులో ఉన్న అంబేద్కర్ జీవిత కథ, బొమ్మలు వేసింది గోండు కళాకారులు దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్. ఇందులో మెత్తగా మాట్లాడేవాళ్ళ మాటలు పక్షి ఆకారంలో ఉంటాయి. కులం పేరుతో కుట్టే మాటలకి తేలు కొండి ఉంటుంది. బడిలో నీళ్ళు తాగనివ్వని పిల్లాడి కథని పాఠంలా కాకుండా కళ్ళతో చదువుతారు. చదివాక ప్రశ్నలు అడిగితే దాటేయకండి. మన ఊళ్ళో ఎలా ఉండేదో, ఇప్పుడెలా ఉందో ఉన్నదున్నట్టు చెప్పండి.

6. లైబ్రరీని అడగండి

ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కడుతూనే ఉన్నాం, కాబట్టి మొహమాటం అక్కర్లేదు. అమెరికాలో ఉన్నవాళ్ళైతే పిల్లల విభాగం లైబ్రేరియన్‌ని కలవండి. నల్లజాతి రచయితలు, చిత్రకారులకి ఇచ్చే కొరెట్టా స్కాట్ కింగ్ అవార్డు, లాటినో (లాటిన్ అమెరికా మూలాలున్న) కుటుంబాల కథలకి ఇచ్చే పురా బెల్‌ప్రే అవార్డు, వైకల్యం ఉన్నవాళ్ళ అనుభవాల పుస్తకాలకి ఇచ్చే ష్నైడర్ అవార్డు, ఈ మూడు లిస్టులు అడిగితే ఏళ్ళకి సరిపడా చదువు దొరుకుతుంది. ఇక్కడైనా అక్కడైనా, కావాల్సిన పుస్తకం లేకపోతే పేరు, రచయిత, పబ్లిషర్ ఒక చీటీ మీద రాసి తెప్పించమని ఇవ్వండి. వీలైతే ఆ చీటీ మీ పిల్లలతోనే ఇప్పించండి.